అరవై ఎనిమిది కిలోలు

పేపర్లో ఎప్పుడూ అతని పేరే వేసేవాళ్లు:
స్కిప్పర్ కొమారి వేలాయుధం, జువ్వలదిన్నె.
నా పేరు ఎప్పుడైనా పడేది, పడితే తప్పుగా పడేది.
అందులో అన్యాయమేం లేదు. ఆ పడవలో నేను బరువుని.
నడుముకి కొక్కెం, కొక్కేనికి తీగ,
తీగ చివర నీళ్లమీద వెల్లకిలా వేలాడే
అరవై ఎనిమిది కిలోల పొదిలివాణ్ణి.

మాది బోర్లు కూడా ఎండే ఊరు.
ఈత నేవీలో నేర్చుకున్నా, ఇరవయ్యో ఏట,
ముక్కు మూసుకుని.
అతను నడక కంటే ముందు తెప్ప ఎక్కాడంట.
వాళ్ల నాయన చుక్కాని చేతికిచ్చి
కళ్లకి తువ్వాలు కట్టేవాడంట,
"కంటితో కాదబ్బయ్యా, మెడతో చూడు" అని.

మెడతోనే చూసేవాడు.
చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట
అంగుళం చర్మం చాలు అతనికి.

హుస్సేన్ సాగర్‌లో ఒక మధ్యాహ్నం గాలి చచ్చిపోయింది.
ముప్ఫై పడవలు చాపలు వేలాడేసుకుని
సంతలో అమ్ముడుపోని ఎడ్లలా నిలబడ్డాయి.
అందరూ కుడిగట్టుకి దేకుతుంటే
ఇతనొక్కడే ఎడమకి తిప్పాడు.
తిట్టుకున్నాను, లోపల్లోపల, మా మెట్ట తిట్లు.
అవతల ఎవరో చెత్త తగలబెట్టారు.
పొగ నిటారుగా లేచి లేచి
తాటిచెట్టంత ఎత్తున ఒక్కసారి తల వంచింది.
"వస్తా ఉండాది. తీగెక్కు."
పదకొండు నిమిషాలకి వచ్చింది.
వెనక్కి చూస్తే పడవలన్నీ
ఆరేసిన జేబురుమాళ్లు.

నాలుగేళ్లు కప్పు మాదే.
మొదటిది ఇంటికి తెస్తే వాళ్లమ్మ తిప్పి తిప్పి చూసి
"వల లేకుండా పోయి, చేప లేకుండా వచ్చి,
బయల్దేరిన కాడికే చేరినందుకా ఇది?" అంది.
వాడంతా నవ్వింది. అందరికంటే అతనే ఎక్కువ.
మన ఆట గురించి ఇంత పొట్టిగా
ఎవురూ చెప్పలేదురా, అన్నాడు నాతో.

బొంబాయి సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నా.
విదేశం పోయే జట్టుకి ఆఖరి పోటీ.
చివరి మలుపు. ముందున్నది మేమే.
చాప అటునుంచి ఇటు మారేటప్పుడు
కొక్కెం తగిలిందనుకుని వెనక్కి వాలాను.
తగల్లేదు.
సముద్రం వీపు మీద ఛెళ్లున చరిచింది.
బరువు పోయిన పడవ పక్కకి ఒరిగి పడుకుంది.
నన్ను జుట్టు పట్టి లాగాడు, పడవని లేపాడు.
తొమ్మిదో వాళ్లుగా వచ్చాం.
కారణం రాసివ్వమంటే
"గాలి మారింది" అని రాసి సంతకం పెట్టాడు.
ఆరోజు గాలి మారలేదు.

ఇరవై రెండేళ్లు.
మొన్న వేట నిషేధం రోజుల్లో జువ్వలదిన్నె వెళ్లాను.
పడవలు ఒడ్డునే ఉన్నాయి, తాళ్లు ఎండిపోయి.
అతను రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా.
మేత బస్తాలు, టార్చి, నులక మంచం.
కప్పులేవని అడగలేదు.
కరెంటు లేదు. పైరగాలికి నీళ్లు కదులుతున్నాయి గదా అని
డీజిల్ మిగులుస్తున్నాడు.
ఎండు నెత్తళ్లు వేపాడు. తిన్నాం.
చేతులు కడుక్కున్నాక
ఇన్నాళ్లు మడిచి పెట్టుకున్న మాట తీశాను.
"వేలాయుధం, బొంబాయిలో నేను..."

చెయ్యెత్తాడు.
వద్దంటున్నాడనుకున్నా.
కాదు. మెడ పక్కకి వంచి ఉన్నాడు.
"గాలి పడిపోయింది."
నాకు ముందూ ఇప్పుడూ ఒకటే ఉక్క.
అప్పటికే లేచాడు, చెప్పులు లేకుండా గట్టు మీద,
"ఇట్నే ఉంటే తెల్లారేలోపు రొయ్యంతా పైకి తేల్తాది, రా!"

ఇంజను పాతది. హ్యాండిల్ బిగుసుకుపోయింది.
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని నన్ను చూశాడు.
"ఇంకా అరవై ఎనిమిదేనా?"
"డెబ్బై తొమ్మిది."
"మంచిదే. దీనిమీద వాలు."

రెండు చేతులా పట్టుకున్నాను.
పట్టు దొరికిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని
వాలాను.